నిన్నటి గిన్నె

పొద్దున్నే స్టవ్ వెలిగించక ముందు ఆమె చేసే మొదటి పని, ఫ్రిజ్ తలుపు తీసి నిన్నటి గిన్నె మీద మూత ఎత్తి వాసన చూడటం. ముక్కు మరీ దగ్గర పెట్టదు. ఎద్దు కొత్త మేతను చూసినట్టు కాస్త ఎడంగా నిలబడి ఒక్కసారి గాలి పీలుస్తుంది. ఆ ఇంట్లో గిన్నెల మీద తీర్పు చెప్పేది ఆమె ముక్కే. "బానే ఉంది" అంటే అది ఆమె తిండి. "కొంచెం తేడాగా ఉంది" అన్నా అది ఆమె తిండే, కాకపోతే కాస్త వేడి చేసి, పైన ఇంత ఉప్పూ కారం చల్లుకుని. ముక్కు పూర్తిగా పక్కకు తిరిగిపోతేనే గిన్నె చెత్తబుట్ట దాకా వెళుతుంది, అదీ అత్తగారు అటు తిరిగినప్పుడు.

మిగలడం ఆ ఇంటి పద్ధతి. మారు అడిగినవాళ్ళకి లేదనే మాట ఈ ఇంట్లో వినపడకూడదని, కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు చెప్పింది. అందుకని బియ్యం కొలిచాక పైన ఇంకో గుప్పెడు పోయాలి. కూరలో ఇంకో రెండు కాయలు తరగాలి. మారు అడిగే రోజులకన్నా అడగని రోజులే ఎక్కువ. పొద్దున వేడివేడిగా దించింది మొగుడి బాక్సులోకి, కూతురి కాలేజీ బాక్సులోకి, ఇంట్లో ఉండే అత్తగారి కంచంలోకి పోతుంది. ఆ మూడూ సర్దాక నిన్నటి గిన్నె మిగులుతుంది, దాని పక్కన ఆమె మిగులుతుంది. స్టవ్ గట్టుకు ఆనుకుని, ఆ గిన్నెలోనే కలుపుకుని, బస్సు వచ్చేలోపు నాలుగు ముద్దలు మింగుతుంది. మధ్యాహ్నానికి తన బాక్సులోకీ అందులోదే. నమిలే పని బస్సులో చేసుకునే వీలుంటే బాగుండేదని ఒకసారి తనలో తాను నవ్వుకుంది కూడా.

ఆమె పనిచేసేది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, చెకింగ్ టేబుల్ దగ్గర. కుట్టి, కాజాలు తీసి, బొత్తాలు వేసిన చొక్కా ఆఖరున ఆమె చేతికి వస్తుంది. కాలరు తిరగేస్తుంది, చంక కింద కుట్టు లాగి చూస్తుంది, బొత్తాలు వేలితో తడుముతుంది, ట్యూబులైటు కింద ఒక్క విదిలింపు విదులుస్తుంది. తప్పు ఎక్కడున్నా దొరికిపోతుంది. హాల్లో అందరూ ఆమెను డేగకన్ను అంటారు. ఆ టేబుల్ అంటే ఆమెకు ప్రాణం. లోకంలో ఆమె "ఇది బాగాలేదు" అంటే ఎదురుచెప్పకుండా వెనక్కి తీసుకునే చోటు అదొక్కటే.

కొన్నాళ్ళుగా ఆ టేబులే చేజారేలా ఉంది. పొద్దున మొదటి కట్ట విప్పేసరికి కడుపు ఉబ్బడం మొదలవుతుంది. ముందు ఎసరు కాగినట్టు గుడగుడ. ఆ తర్వాత బొడ్డు చుట్టూ ఎవరో తడిబట్టను పట్టుకుని పిండినట్టు మెలి. నుదుటి మీద చెమట పట్టేదాకా ఓర్చుకుంటుంది, ఇక ఓర్చుకోలేక లేస్తుంది. బాత్రూము హాలు చివర ఉంది, దాని దారిలో సూపర్‌వైజరు కుర్చీ ఉంది. అతను తల ఎత్తకుండానే మళ్ళీనా అంటాడు. ఒకరోజు కటింగు వాళ్ళందరికీ వినపడేలా, ఈవిడకి జీతం టేబుల్ దగ్గరివ్వాలా బాత్రూం దగ్గరివ్వాలా అన్నాడు. నవ్వనివాళ్ళు కూడా కత్తెరల చప్పుడు ఆపి విన్నారు. ఆ రోజు నుంచి ఆమె నీళ్ళు తాగడం మానేసింది. కడుపు దానికీ ఊరుకోలేదు. చివరికి సూపర్‌వైజరు పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పాడు. ఇట్లాగే ఉంటే టేబుల్ ఇంకొకళ్ళకిస్తాను, నువ్వు కింద కూర్చుని దారాలు కత్తిరించుకో అని.

పక్క మెషీను మీద కాజాలు తీసే పెద్దావిడను అందరూ కాజాల పిన్ని అంటారు. ఆమె నోటికి కుట్టు లేదు. "ఏమే పిల్లా, నీ కడుపుకొక కాజా తీసిపెట్టనా, ఆ గాలి అందులోంచి పోతుంది" అంది. ఇద్దరూ మెషీన్ల చాటున వంగి నవ్వారు. నవ్వితే ఇంకా నొప్పి పుట్టింది.

డాక్టరు దగ్గరికి మొగుడే తీసుకెళ్ళాడు. సగం రోజు సెలవు పెట్టానని వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి గుర్తుచేశాడు. ఏం తింటారమ్మా అని డాక్టరు ఆమెనే అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు జవాబు పక్క కుర్చీలోంచి వచ్చింది.

"అందరం తినేదే సార్. ఒకే కుండలో వంట. మాకెవరికీ ఏమీ లేదు, ఈమెకొక్కదానికే."

డాక్టరు తలూపి రాసుకున్నాడు. రక్తం తీశారు, స్కాన్ తీశారు, గొంతులోంచి గొట్టం వేసి లోపలంతా చూశారు. అన్నీ బాగున్నాయి. ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి అన్నాడు. ఏమీ లేదన్న మాటకు సంతోషించాల్సింది పోయి ఆమె సిగ్గుపడింది, దొంగ ఫిర్యాదు ఇచ్చి దొరికిపోయినట్టు. బస్సులో మొగుడు కిటికీ వైపు చూస్తూ, విన్నావుగా అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆమె నొప్పి సాక్షి లేని తగువైపోయింది. అమ్మా అని పొట్ట పట్టుకుంటే, అందరం ఒకే కుండలోది తింటున్నాం కదా అనేవాడు, కోపంగా కాదు, లెక్క తప్పిన పిల్లకి లెక్క చెప్పినట్టు. వినగా వినగా ఆమె కూడా ఆ మాటే నమ్మింది. వంట ఒకటే, నీళ్ళు ఒకటే, ఉప్పు ఒకటే. అయితే తప్పు తనదే అయి ఉండాలి. ఏ వయసులోనో మింగిన దిగులేదో లోపల పులిసి ఉండాలి.

అత్తగారు చెడ్డది కాదు. నొప్పి వచ్చినప్పుడల్లా తలగడ పక్కనున్న చిన్న డబ్బా తీసి చిటికెడు వాము చేతిలో పోసేది. ఆ డబ్బా చాలా పాతది, మూత మీద నగిషీ అరిగిపోయింది. పోస్తూ, వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే మళ్ళీ చెప్పేది. "నాకూ ఉండేదమ్మాయ్, అచ్చం ఇలాంటిదే. వయసంతా దానికే పోయింది. నువ్వు గడపలో కాలుపెట్టిన వేళ మంచిది, చేత్తో తీసేసినట్టు పోయింది." ఆ మాట వింటే ఆమెకు ఇన్నేళ్ళూ లోలోపల గర్వంగానే ఉండేది. తెచ్చిన సామాను గురించి కాకుండా పెట్టిన కాలు గురించి చెప్పుకునే అత్త ఎంతమందికి దొరుకుతుంది.

కూతురు ఫోన్‌లో ఒక వీడియో చూసింది. పేగుల్ని సహజంగా బాగుచేసుకోవచ్చట. మెంతులూ అవిసెలూ రాత్రి నానబెట్టి, పొద్దున పరగడుపున ఆ నీళ్ళు తాగాలి, కాస్త అల్లం రసం, తేనె. అమ్మా, నీ కోసమే అంది. నానబెట్టేది మాత్రం అమ్మే. రెండో పొద్దుటికి మొగుడు, నాకూ కాస్త ఇవ్వు చూద్దాం అన్నాడు. తేలిగ్గా ఉందన్నాడు. అత్తగారు తనకూ కావాలంది. కూతురు ఒంటి నిగారింపుకి మంచిదని ఒక గ్లాసు తీసుకుంది. వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ గ్లాసులు పోశాక అడుగున మిగిలిన జిగట గింజలు ఆమె వంతయ్యాయి. పారేయడం ఎందుకని అవి నమిలి బస్సెక్కింది. ఆ పూట నొప్పి మరీ ఎక్కువైంది. ఎవరికీ చెప్పలేదు. మందే పడలేదంటే ఇక తన ఒంటికి మంచి అనేదే గిట్టదంటారు.

అలాంటి రోజుల్లోనే, పంపిన సరుకులో కొంత వెనక్కొచ్చింది. లేతరంగు చొక్కాల మీద పసుప్పచ్చ మరకలు. అన్నింటికీ కాదు, కొన్నింటికే. సూపర్‌వైజరు ముఖం వాడిపోయింది. చొక్కాలు టేబుల్ మీద కుప్పపోసి, నీ చేతి మీదుగా పోయినవే అన్నాడు. ఆమె చూసినప్పుడు మరక లేదు, అది తర్వాత పైకి తేలిన మరక. ఆ మాట ఎవరు నమ్ముతారు. అతను తనలో తాను అనుకుంటున్నట్టు అంటూనే ఉన్నాడు. ఒకే థాను గుడ్డ, ఒకే దారం, ఒకే చోట ఉతుకు. అన్నీ బాగుండి ఇవే ఎందుకిలా.

ఆమె కడుపు పట్టుకునే కూర్చుంది. ఒక్కో చొక్కాకూ గుచ్చిన చీటీ మీద కట్ట నంబరూ వరస నంబరూ చూసి, కట్టలవారీగా మళ్ళీ పేర్చింది. మచ్చపడ్డవన్నీ ఏ కట్టలో చూసినా కిందివే. లేచి, కట్టలు రాత్రుళ్ళు నిలవ ఉంచే గదికి వెళ్ళింది. నేల మీద అరచేయి ఆన్చింది. చెమ్మ. తిరిగొచ్చి చెప్పింది.

"గుడ్డలో తప్పు లేదు సార్. అడుగున ఉన్నవే పాడయ్యాయి. రాత్రంతా చెమ్మలో నిలవుండేది అవే."

"మరి పైవాటికేం కాలేదే?"

"కాదండి. పైవి పైన ఉన్నాయి కదా."

అతను కింద చెక్కలు వేయించమని ఎవరికో చెబుతూ వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం చీటీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మాట తన నోట్లోంచే వచ్చింది, కానీ ఇంకెవరో తనకు చెప్పగా విన్నట్టయింది. కాజాల పిన్ని మెషీను ఆపి, "ఏమైందే, మళ్ళీ నొప్పా" అంది. కాదు పిన్నీ, ఒక కట్ట గుర్తొచ్చింది అంది ఆమె.

బస్సులో సీటు దొరికింది. కుండ ఒకటే. కాదనలేదు. కుండలో పైదెవరిది, అడుగుదెవరిది అని డాక్టరు అడగలేదు, మొగుడు చెప్పలేదు, తనకూ తట్టలేదు. పగలంతా ఊరివాళ్ళ చొక్కాల్లో దారప్పోగంత తప్పు పట్టే కన్ను, నిలబడి తిన్న గిన్నెను ఒక్కసారీ వెలుతురులో పెట్టి చూడలేదు. తిన్నదానికి లెక్క చెప్పుకోవడానికి ముందు అది తిండి అనుకోవాలి కదా. ఆమె దాన్ని గిన్నె ఖాళీ చేయడం అనుకుంది. అంట్లు తోమడానికి ముందు చేసే పని. అక్కడి నుంచి ఆలోచన అత్తగారి వాము డబ్బా మీదికి పోయింది. నువ్వు గడపలో కాలుపెట్టిన వేళ అన్న మాట చెవిలో మళ్ళీ పలికింది, ఈసారి గర్వం కలగలేదు. తను రాకముందు ఆ ఇంట్లో నిన్నటి గిన్నె ఎవరు తిన్నారు. ఆ నొప్పి ఎక్కడికీ పోలేదు. గిన్నెతో పాటు చేతులు మారింది. ముందు మంటెత్తింది, ఇన్నేళ్ళు ఎలా చెప్పుకుందమ్మా ఆ మాట నవ్వుతూ అని. దిగే స్టాపు వచ్చేసరికి ఆ మంట తగ్గి ఇంకేదో మిగిలింది. పాపం, ఆవిడకూ తెలియదు. ఆవిడకు నిజంగానే కోడలి కాలు మంచిదనిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం వంట మామూలుగానే చేసింది. అందరినీ కూర్చోబెట్టి నాలుగు కంచాలు పెట్టింది, నాలుగోది తనకు. ఫ్రిజ్‌లోంచి నిన్నటి గిన్నె తీసి, వేడి చేసి, అందులో కూర నాలుగు సమానమైన వంతులు చేసి ముందు అదే వడ్డించింది. తర్వాత కూర్చుంది. ఆమె కూర్చోవడం చూసి కూతురు ఫోన్ పక్కన పెట్టింది.

మొగుడు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. "ఇదేంటి, నిన్నటిదా?"

"అవునండీ. వాసన చూశాను, బానే ఉంది."

"ఇవ్వాళ్టిది ఉందిగా. ఇది నాకెందుకు?"

"అందరం ఒకే కుండలోది తింటున్నాం కదండీ."

గొంతు పెంచలేదు. టేబుల్ దగ్గర బాగాలేని చొక్కాను పక్కన పెట్టేటప్పుడు ఎంత పలుకుతుందో అంతే పలికింది. అతను కంచాన్ని కాస్త ముందుకు తోశాడు. నాకు పొద్దున ఆఫీసుంది, కడుపు పాడైతే ఎవరు చూస్తారు అన్నాడు. అన్నాక ఆ మాట అతనికే వినపడినట్టుంది. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

అత్తగారు తన కంచంలోని కూరను వేలితో కలిపి, ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మరీ దగ్గరగా కాదు, కాస్త ఎడంగా, ఒక్కసారి. అలా వాసన చూడటం తనకొక్కదానికే తెలుసని ఇన్నాళ్ళూ అనుకుంది కోడలు. ముసలావిడ చేయి దానంతటదే వాము డబ్బా కోసం పక్కన తడుముకుంది, దొరక్క ఒళ్ళో ఆగిపోయింది. కోడలి కంచం వైపు చూసింది, తర్వాత కొడుకు వైపు.

"తిను. నీ పెళ్ళయ్యేదాకా నేను తిన్నాను. పెళ్ళయ్యాక అది తింది. ఒక్క పూటకి నువ్వేం చావవు."

అతను తిన్నాడు. కూతురు తన వంతులో రెండు ముద్దలు తిని, మిగతాది చూస్తూ కూర్చుంది.

కడుపు ఒక్కనాటితో కుదుటపడలేదు. ఏళ్ళ తరబడి చెమ్మలో ఉన్న గుడ్డ ఒక ఎండకు ఆరుతుందా. పొద్దున దించిన అన్నంలో మొదటి వంతు తన కంచంలో పెట్టుకుని, కూర్చుని నమిలి తింటోంది. నీళ్ళు తాగుతోంది, సూపర్‌వైజరు ముందు నుంచే బాత్రూముకు వెళుతోంది. అతను మళ్ళీనా అనబోయి మానేసిన రోజులున్నాయి, అన్న రోజులూ ఉన్నాయి. మెలి ఇంకా వస్తుంది, పిలవని చుట్టంలా వచ్చి, పీట వేసేవాళ్ళు లేక పోతుంది. టేబుల్ ఆమె దగ్గరే ఉంది.

బియ్యం కొలిచి, పైన పోసే ఆ గుప్పెడు తిరిగి డబ్బాలో వేసిన రోజు, అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. చూసి, పక్కకు తిరిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మొగుడు టీవీ వైపు చూస్తూ ఖాళీ కంచం చాపి, ఇంకాస్త అన్నం అన్నాడు. ఎప్పటిలాగే, ఎవరినీ చూడకుండా.

ఆమె నోట్లో ముద్ద ఉంది. తొందరపడలేదు. పూర్తిగా నమిలి, మింగి, అప్పుడు చెప్పింది.

"లేదు."