దసరా నాడు ఆంజనమ్మ వంతు

దసరా పూట ఓళిగలు, అదే బొబ్బట్లు, వదులుకుని టెంటు కింద పస్తు కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు చెప్పండి? మండలాఫీసు వాళ్ళ ఆశంతా దాని మీదే. పండగ రోజు ఒక్క వంతు తప్పినా చాలు, ఊళ్ళో పట్టుదల చల్లారిందని చెప్పి టెంటు పీకేయొచ్చు. కడప జిల్లాలో ఆంజనమ్మ ఊరి ఆడవాళ్ళు, బడి పక్కన దుమ్ము రేపుతున్న రాళ్ళ క్రషర్‌ను తీసేయమని మండలాఫీసు ముందు రిలే నిరాహార దీక్షలు చేస్తున్నారు. రోజుకు కొన్ని ఇళ్ళ వంతు. ఇంటికొక ఆడమనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి. తిట్టకూడదు, రాయి పట్టకూడదు, మధ్యలో లేచి పోకూడదు.

ఖర్మ కాలి దసరా నాడు ఆంజనమ్మ ఇంటి వంతే పడింది. కూర్చోవాల్సిన తోటికోడలు శ్యామలకేమో జ్వరం, ఆస్పత్రి మంచం మీద ఉంది. ఆంజనమ్మేమో ఖతర్‌లో, దోహా ఊరికి దక్షిణంగా ఐన్ ఖాలిద్‌లో, ఒక ప్రొఫెసరమ్మ ఇంట్లో వంటమనిషి.

“నేనీడనే పస్తుంటా. నా బదులు ఫోన్ను కూర్చోబెట్టండి,” అని ముందు రోజే రెహానాకు చెప్పేసింది. రెహానా ఊళ్ళో బట్టలు కుడుతుంది. టెంటు మంచీచెడ్డా చూసేది ఆమే.

ఇక్కడ ఇంకో తంటా వచ్చిపడింది. మేడమ్ పేరు తమార్, అమెరికా నుంచి వచ్చిన యూదురాలు. సరిగ్గా ఆ రోజే వాళ్ళ యోమ్ కిప్పూర్, ఏడాదంతా చేసిన తప్పులకు దేవుణ్ణి క్షమాపణ అడిగే రోజు. ముందు రోజు పొద్దుగూకినప్పటి నుంచి మర్నాడు చుక్కలు పొడిచేదాకా మెతుకు ముట్టదు, నీళ్ళు తాగదు. పొయ్యి వెలిగించదు, స్విచ్చి వేయదు, ఫోను తాకదు. కిందటేడు ఆంజనమ్మ, పట్టపగలు లైటు దండగని ఆర్పేసి తన గదికి వెళ్ళిపోయింది. మళ్ళీ వేయమని అడగడం కూడా తప్పేనట, పాపం ఆ తల్లి సాయంత్రమంతా చీకట్లోనే ప్రార్థన చేసుకుంది. తర్వాత సంగతి తెలిసి ఆంజనమ్మ చెంపలు వాయించుకుంది.

అందుకే ఈసారి తనే ఒక నియమం పెట్టుకుంది. ఇది మేడమ్‌కు మడి రోజు, ఇంట్లో ఫోను మోగితే మడి చెడిపోతుంది. ఎవరూ అలా చెప్పలేదు. మడంటే మనవాళ్ళ బుర్రకు తట్టేది అదే మరి! ఫోను పట్టుకుని వాకిట్లో కారు షెడ్డు కింద చతికిలపడింది. అక్టోబరు వచ్చినా దోహాలో నీడ కూడా పెనంలా కాలుతుంది.

అక్కడ టెంటులో వీడియో కాల్ పెట్టిన ఫోన్ను కుర్చీలో నిలబెట్టి కనకాంబరాల దండ వేశారు. అది చూసి ఆంజనమ్మ కెవ్వుమంది.

“మీ ఇల్లు బంగారం గానూ! బతికుండంగానే దండేసినారే నాకు!”

“దీక్షలో కూర్చున్నోళ్ళకు దండెయ్యాల గదక్కా. నువ్వు కొంచెం కదులుతాండు, ల్యాకపోతే పోయినావనుకుంటారు,” అంది రెహానా. టెంటంతా పగలబడి నవ్వారు.

మధ్యాహ్నం దాటాక ఆఫీసు తాలూకు మనిషొకడు స్కూటరు మీద దిగాడు. సెలవు రోజు కూడా వచ్చాడంటే ఎంత శ్రద్ధో చూడండి!

“ఫోను మనిషెట్లయితాది? ఈ ఇంటి వంతు తప్పింది. టెంటు తీయండి,” అన్నాడు.

“మనిషి ఆడ పస్తుండాది సార్,” అంది రెహానా.

“ఆయమ్మ ఆడ బిర్యానీ తింటాండాదేమో, ఎవురు చూడొచ్చినారు? సాక్షి ఎవురన్నా ఉండారా?”

ఇన్నాళ్ళ ఊరి కష్టం తన మూలంగా మట్టిపాలవుతుందని ఆంజనమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఆ ఏడుపు విని తలుపు తెరుచుకుంది. తెల్లబట్టల్లో, గుడ్డ చెప్పులతో తమార్ మేడమ్. వాళ్ళిద్దరి మధ్య భాష సగం ఇంగ్లీషు, సగం సైగలు. అయినా ఇద్దరికీ బాగా అలవాటే. ఆంజనమ్మ వెక్కుతూనే అంతా చెప్పేసింది.

“బయట కూర్చోమని నీకెవరు చెప్పారు? ఆ నియమాలు నాకు, నీకు కాదు. లోపలికి రా,” అంది మేడమ్.

“సాక్షి కావాలంటాండారు మేడమ్.”

“నేనివాళ ఫోను ముట్టను, అందులో మాట్లాడను. కానీ నీ పక్కన కూర్చుంటాను. నీ ఫోను ఎటు చూస్తుందో అది నీ ఇష్టం.” తలుపు బార్లా తీసి పట్టుకుని అంది: “పక్కవాళ్ళకు అన్యాయం జరుగుతుంటే, మనం ఊరికే కడుపు మాడ్చుకున్నంత మాత్రాన అది ఉపవాసం కాదని మా పెద్దలు ఈ రోజే గుర్తుచేస్తారు.”

హాల్లో ఆంజనమ్మ తన ఫోన్ను సోఫాకు ఆనించి, తనే ఛార్జరు పెట్టుకుంది. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. మేడమ్ ప్రార్థన చదువుతూ లేస్తుంది, వంగుతుంది, మళ్ళీ కూర్చుంటుంది.

“ఆయమ్మెవురు?” అన్నాడు ఆఫీసు మనిషి.

“మా మేడమ్. యూదులామె. నిన్న పొద్దుగూకినప్పట్నుంచి నీళ్ళు గూడా తాగల్యా. సాక్షినడిగితివి గదా, కండ్లారా చూడు నాయనా!”

ఎక్కడో ఒకచోట దొరక్కపోతారా అని అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ తాగాడు, సోడా తాగాడు. “బజ్జీలు తెప్పించేదా సార్?” అని రెహానా ఎంతో మర్యాదగా అడిగింది. చివరికి ఆరింటికి, “సరే, అందరూ ఉండారు,” అని గొణుక్కుంటూ స్కూటరెక్కాడు. టెంటు నిలిచింది.

అక్కడ ఆరైతే ఇక్కడింకా నాలుగు కాలేదు. రెహానా నిమ్మరసం గ్లాసులు తెచ్చింది. దీక్షను ఎవరూ తమ చేత్తో తాము విడవరు, ఇంకొకరు అందించాలి.

“నీకెవురిస్తారక్కా?”

“మేడమే ఇయ్యాల, చుక్కలు చూసేదాకా ఆయమ్మ నిమ్మకాయ గూడా పిండగూడదు. నాకోసరం కూర్చున్న మనిషి పస్తుంటే నేనెట్ల తాగేది? మీరు తాగండి.”

రెహానా గ్లాసులు కింద పెట్టేసింది. “ఆయమ్మ మన టెంట్లో కూర్చునింది గదా. ఆమెను ఇడిసిపెట్టి మనం లేస్తే మర్యాదేనా?” ఇళ్ళల్లో ఓళిగలు చల్లారిపోతున్నా ఒక్కరూ లేవలేదు.

చీకటి పడుతుండగా మేడమ్ వాకిట్లోకి వెళ్ళి ఆకాశం చూసి వచ్చింది. కడపటి ప్రార్థన ముగించి, తను గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా, ముందు నిమ్మకాయ కోసింది. గింజలతో సహా పిండి, ఇంత ఉప్పేసి, గ్లాసు ఆంజనమ్మ నోటికి అందించింది. ఫోనులోంచి చప్పట్లు వినిపించాయి.

ఆంజనమ్మ కళ్ళు తుడుచుకుని రెండో కాయ పిండి మేడమ్‌కు ఇచ్చింది. మేడమ్ దాన్ని రెండు చేతులా అందుకుంది.

“ఈ ఊళ్ళో మాకు గుడి లేదు. కలిసి ప్రార్థించడానికి కావాల్సిన పదిమంది లేరు. ప్రతి ఏడూ తలుపులు మూసుకుని, నా గ్లాసు నేనే తీసుకునేదాన్ని. థాంక్యూ ఆంజనమ్మా.”

“అయ్యో, మీరు నాకు చెప్పేదేంది మేడమ్! నేను గదా మీకు మొక్కాల్సింది.”

“అక్కా, ఆ తల్లి తాగిందా?” అని ఫోనులోంచి రెహానా కేకేసింది. “తాగింటే చెప్పు, మేమూ తాగుతాం.”

ఆంజనమ్మ ఫోను తిప్పి పట్టుకుంది. మేడమ్ ఆ రోజంతటిలో మొదటిసారి దానివైపు చూసి, గ్లాసు ఖాళీ చేసి, అందరికీ కనబడేలా పైకెత్తింది.