బావమరిది చుట్టిన పికప్

ఆ వీధిలో గిటార్లు బాగుచేసే ఆయన్ని అందరూ చెవిగారు అనేవాళ్లు. ఎదురుగా అన్నా ఆయన నొచ్చుకునేవాడు కాదు, పైగా లోలోపల మురిసిపోయేవాడు. గిటారు ఒకసారి మీటి వినిపిస్తే చాలు, లోపం తీగలో ఉందో, చెక్కలో ఉందో, అతుకు ఊడిన వైరులో ఉందో విప్పకుండానే చెప్పేసేవాడు. ఇంట్లో భార్య చెప్పిన మాట మాత్రం ఆ చెవికి ఒక పట్టాన ఎక్కేది కాదు. గొప్ప చెవులకు ఆ మాత్రం సౌకర్యం ఉంటుంది మరి.

ఆవిడ తమ్ముడు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనివాడు. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు విప్పి కొత్త వైరు చుట్టడం అతని బతుకుతెరువు. సాయంత్రాలు బావ షాపుకొచ్చి కూర్చుని, గిటార్లలోని పికప్పుల మీద మనసు పారేసుకున్నాడు. పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న పెట్టె. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి వైరు. పైన తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని ఆంప్లిఫయరుకు అందించేది అదే. కంపెనీలో యంత్రం చుట్టే ఆ వైరును ఇతను పాత కుట్టుమిషను మోటారుకు బిగించి, వేళ్లతో బిగువు చూసుకుంటూ చుట్టేవాడు. తెగిందంటే మళ్లీ మొదటికే. ఎన్ని తెగాయో, ఎన్నిసార్లు మొదటికి వచ్చాడో అక్కకు తెలుసు, ఎందుకంటే ఆ విసుగంతా ఆవిడ దగ్గరే వెళ్లగక్కేవాడు.

చివరికి ఒకటి కుదిరింది. సరిగ్గా అప్పుడే, పాటల బృందంలో గిటారు వాయించే గడ్డమాయన ఒకడు షాపుకొచ్చి, తన గిటార్లన్నిటికీ కొత్త పికప్పులు వేయించుకుంటానన్నాడు. కంపెనీ సరుకా, చేత్తో చుట్టిందా అన్నది తేలలేదు.

"రెండూ నేనే వాయిస్తాను. మీరు గోడవైపు తిరిగి కూర్చుని వినండి. ఏది బాగుందంటే అదే పెట్టించుకుంటా" అన్నాడు.

ఆ సంగతి తెలియగానే బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "బావా, ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీవాళ్లు నన్ను రమ్మంటున్నారు. మీరు నాది బాగుందంటే వాళ్లకి రానని చెప్పేసి, ఇదే పనిగా పెట్టుకుంటా. లేదన్నారనుకోండి, వెళ్లిపోతా. ఇక ఇటూ అటూ ఊగడం నావల్ల కాదు."

అన్నం వడ్డిస్తూ భార్య కూడా ఒక మాటేసింది. "నా తమ్ముడని ఎక్కువ చేసి చెప్పమనడం లేదు. తక్కువ చేసి మాత్రం చెప్పకండి."

"నా చెవికి చుట్టరికాలు లేవు" అన్నాడు చెవిగారు. ఆ మాట తనకే ఎంతో నచ్చి, చెయ్యి కడుక్కునేటప్పుడు ఇంకోసారి అనుకున్నాడు.

పోలిక చూడ్డానికి షాపులో అచ్చం ఒకేలాంటి గిటార్లు రెండుండేవి. ఒకే చెక్క, ఒకే తీగలు. ఒకదానికి కంపెనీ పికప్, ఒకదానికి బావమరిది పికప్ చెవిగారే బిగించాడు. గడ్డమాయన తన బృందాన్నంతా వెంటేసుకుని దిగాడు. బావమరిది కూడా వచ్చి ఓ మూల నిలబడ్డాడు. చెవిగారు గోడవైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. వెనక అంతమంది ఉన్నారన్న ఊపులో వీపు కూడా నిటారుగా పెట్టాడు.

మొదటి గిటారు గదంతా నిండింది. రెండోది పక్కగదిలోంచి వస్తున్నట్టు వినిపించింది. గడ్డమాయన ఇంకోసారి వాయించబోతే చెవిగారు చెయ్యెత్తి ఆపేశాడు.

"అక్కర్లేదు. రెండోదాంట్లో పస లేదు" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా పోయేది. నలుగురిలో నోరు ఊరుకోదు కదా. "చుట్టినవాడికి ఇంకా చెయ్యి కుదరలేదు" అని కూడా అన్నాడు.

ఇటు తిరిగి చూస్తే బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. "సరే బావా" అన్నాడు, అంతే. ఆ వారంలోనే పెట్టె సర్దుకుని ఫ్యాక్టరీ ఉన్న ఊరికి వెళ్లిపోయాడు. గడ్డమాయన కంపెనీ పికప్పులు పెట్టించుకుని సంతోషంగా పోయాడు. భార్య వడ్డించేది, తీసేది, అంతే. తిట్టినా బాగుండునని చెవిగారికి అనిపించింది.

మరో పనికి ఆ గిటారు కావలసివచ్చి, చెవిగారు ఒకరోజు బావమరిది పికప్‌ను విప్పబోయాడు. స్క్రూడ్రైవర్ పెట్టగానే చెయ్యి ఆగిపోయింది. పికప్ ఉండాల్సిన ఎత్తులో లేదు. తీగలకు ఆమడదూరంలో, దాదాపు చెక్కలో కూరుకుపోయి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. బిగించేటప్పుడు, బామ్మర్దిది కాబట్టి పైకెత్తి పెట్టాడని ఎవరైనా అంటారేమోనని, కావాలనే కిందికి దింపాడు. తర్వాత స్కేలు పెట్టి రెండూ సమం చేద్దామనుకున్నాడు. ఇంతలో జనం వచ్చిపడ్డారు. తీగకు దగ్గరగా ఉన్న పికప్ ఎప్పుడూ గట్టిగానే అరుస్తుంది, అరిచేదే మంచిదని మనిషి మోసపోతాడు, అందుకే ముందు ఎత్తులు సమం చెయ్యాలి అని షాపుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేది ఆయనే.

దాన్ని పైకి తెచ్చి, స్కేలుతో కొలిచి, వాయించాడు. ఒక్కో తీగా విడివిడిగా, గుండ్రంగా పలికింది. గట్టిగా మీటితే గర్జించింది, మెల్లగా మీటితే మెల్లగానే మాట్లాడింది. కంపెనీది ఎలా మీటినా ఒకటే కేక. ఇన్నేళ్ల పనిలో ఇలాంటిది ఆయన చేతికి రాలేదు.

భార్య తడిచేతులతో వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎంత బాగుందండీ! ఎవరిది?"

"మీ తమ్ముడిది" అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

మర్నాడే బస్సెక్కాడు. ఫ్యాక్టరీ గేటు పక్కన, భోజనాల వేళ, బావమరిదిని పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తప్పు నాది, వచ్చెయ్, గడ్డమాయన్ని నేనే వెతికి పిలిపిస్తాను అన్నాడు.

బావమరిది క్యారేజీ మూతపెట్టాడు. "అది కిందికి ఉందని నాకు అప్పుడే కనిపించింది బావా."

చెవిగారు "మరి ఒక్క మాట చెప్పొచ్చు కదరా!" అన్నాడు.

"ఎందుకు చెప్పడం? కిందికి ఉంటే శబ్దం తగ్గుద్ది గానీ, లోపలున్నది ఎక్కడికి పోద్ది? మిగతావాళ్లకి తెలీకపోవచ్చు, మీకు తెలుస్తుందనుకున్నా. చెయ్యి కుదరలేదన్నారు. అంతటివారు మీరే అన్నాక, నిజమేనేమో అనిపించింది."

"కాదురా, అబద్ధం! నిన్న విన్నాను కదా. అలాంటిది నేనెప్పుడూ వినలేదు."

బావమరిది ఆయన మొహంలోకి చూశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "అది మీరు విని అంటున్నారా బావా, అక్క ఏడ్చిందని అంటున్నారా?"

విన్నాననే చెప్పాలని చెవిగారు నోరు తెరిచాడు. ఎదుటివాడు నమ్మడని, నమ్మకపోవడంలో వాడి తప్పేమీ లేదని తెలిసి, నీళ్లు నమిలాడు. ఫ్యాక్టరీలో గంట మోగింది. బావమరిది క్యారేజీ పట్టుకుని లేచి, "అక్కని అడిగానని చెప్పండి" అని గేట్లోకి వెళ్లిపోయాడు.