ఏడో ప్రశ్న

పొద్దున ఐదున్నరకు జొన్నరొట్టెలు తట్టడానికి నిలబడితే మళ్లీ సాయంత్రం ఐదున్నరకు గానీ నా కాళ్లకు విడుదల ఉండదు. మా ఆయన నర్సింగ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "నీకేందే, నీడపట్టున కొలువు. ఫ్యాను కింద నాలుగు ముక్కలు చెప్పొస్తవు," అంటాడు రొట్టె తుంచుకుంటూ. ఆ ఫ్యాను కింద కుర్చీ లేదని పదిహేనేళ్లలో ఎన్నిసార్లు చెప్పానో. మా బడిలో ఏ తరగతిలోనూ టీచరుకు కుర్చీ వేయరు. కూర్చుంటే పాఠం నిద్రపోతుందని మా కరస్పాండెంట్ క్రాంతి కుమార్ గారి నమ్మకం. ఆ మాట మాత్రం ఆయన కూర్చునే చెబుతారు. పిక్కల మీద ఉబ్బిన నరాలు చూపిస్తే మా అత్త శివమ్మ, "ఎండల చెరుకు కొట్టినోళ్లం, మాకు లేని నరాలు నీకెట్లొచ్చినయ్" అని నవ్వింది. ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు.

పోయిన నెల క్రాంతి కుమార్ గారు గదిలోకి పిలిచారు. టీచర్ల పాఠాలు చూసి మార్కులు వేయడానికి సాఫ్ట్‌వేర్ కొంటారట. మూడు కంపెనీలు నమూనాలు పంపాయి, ఒకటి ఎంచాలి. "మంచిది చూసి చెప్పున్రి. జూన్ల కోఆర్డినేటర్ మీరే నాగరాణి మేడం," అన్నారు. దాచడమెందుకు, పొంగిపోయాను. నన్ను ఏదైనా ఎంచమని అడిగినవాళ్లు లేరు. పెళ్లి చీర కూడా ఆడబిడ్డలే ఎంచారు. రెండు ఆదివారాలు వంటింటి గట్టు మీద ట్యాబ్ పెట్టుకుని, కూర కలుపుతూ మూడింటినీ చూశాను. "ఇంట్ల కూడ బడేనా?" అని నర్సింగ్ విసుక్కుంటూనే ఉన్నాడు. మొదటిదాంట్లో రంగురంగుల బొమ్మలు తప్ప సరుకు లేదు. రెండోది టీచర్లకు ర్యాంకులిచ్చి అందరి ఫోన్లకూ పంపుతుంది. మూడోది సాదాసీదాది, ఆరే ప్రశ్నలు. పిల్లలు తమంతట తాము అడిగారా, వెనక బెంచీకి అర్థమైందా, ఇలాంటివి. ఏం కనిపిస్తే నాలుగుకు ఎన్ని మార్కులో ప్రతి ప్రశ్న కిందా వివరంగా ఉంది. కళ్లతో చూసింది రాస్తే గానీ మార్కు వేయనివ్వదు. ఇదే మంచిదని రాసిచ్చాను.

"బాగుంది. మన ప్రశ్న ఒకటి కలపొచ్చా?" అన్నారాయన. కలపవచ్చు అన్నాను. నా చేతనే టైపు చేయించారు: ఏడు, పీరియడ్ మొత్తం నిలబడి చెప్పిందా?

"ఫస్ట్ అలీమా మేడం క్లాసు చూసి మార్కులెయ్యున్రి. ఏడో నెల కద, రేపో మాపో సెలవు అడుగుతది. తీసెయ్యాలంటే మన దగ్గర రికార్డు ఉండాలె."

అంటే మార్కులు ఆయన ముందే వేసేశారు. నా పని వాటి కింద సంతకం పెట్టడం. తల ఊపి బయటికొచ్చాను. ఊపినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నా చిన్నకొడుకు కడుపులో ఉన్నప్పుడు నేనూ గోడకు చేరగిలబడి పాఠం చెప్పి, వరండాలో చెప్పుల చప్పుడు వినగానే నిటారుగా నిలబడ్డాను. ఎంత ఓపికో అని అందరూ మెచ్చుకున్నారు. ఓపిక కాదు పాడూ కాదు, ఒట్టి భయం. ఆ భయాన్ని ఇప్పుడు నా చేత్తో అలీమాకు వడ్డించమంటున్నారు, దానికి కోఆర్డినేటర్ అని పేరు పెట్టి.

బుధవారం నాలుగో పీరియడ్, ఎనిమిదో తరగతి. నేను వెళ్లేసరికి ఆయమ్మ కృప వెనక గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి కొంగుతో తుడిచింది. "మార్కులేసేటోళ్లకు కుర్చీ ఉండాలని సార్ చెప్పిన్రు," అంది. కూర్చున్నాను. అలీమా త్రిభుజాలు చెబుతోంది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి బల్ల మీద. పాదాలు వాచి చెప్పులు పట్టక, వాటిని గోడవారకు వదిలేసింది. పది నిమిషాలు చూశాను. ఇక కూర్చోలేకపోయాను.

కుర్చీ ఎత్తుకుని బెంచీల మధ్య నుంచి నడిచి బోర్డు ముందు వేశాను. "కూసో అలీమా."

"వద్దు మేడం," అంది మెల్లగా. "సార్ చూస్తే ఇద్దరికీ తక్లీఫ్. జర సేపైతే గంట కొడ్తరు."

"చూడనీకే కద నన్ను పంపిన్రు. నేను చూస్తున్న. కూసో."

కూర్చుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, అక్షత అనే పిల్లను పిలిచి బోర్డు మీద త్రిభుజం గీయమంది. ఆ పిల్ల తప్పు గీస్తే నాలుగు చేతులు లేచాయి, వాటిలో రెండు వెనక బెంచీవి. నేను వెనక గోడ దగ్గర నిలబడి, కాళ్లు సలుపుతుంటే, ఆరు ప్రశ్నలకూ చూసింది చూసినట్టు రాశాను.

ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో క్రాంతి కుమార్ గారు. కుర్చీనీ, అందులో అలీమానీ చూసి నా పక్కకు వచ్చారు.

"ఏంది మేడం ఇది? మీకు కోఆర్డినేటర్ కావాల్నా వద్దా?"

"వద్దు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "జర ఆగున్రి, మీ ప్రశ్నకు జవాబు రాస్తున్న."

ఆయన చూస్తుండగానే టైపు చేసి పంపేశాను: "నిలబడింది మార్కులు వేయడానికి వచ్చిన నాగరాణి. పాఠం చెప్పింది అలీమా, కూర్చుని. నాలుగుకు నాలుగు."