నిలబెట్టిన పొర

అల గోడకు కొట్టుకుంటుంది. తుంపర లేచి ముఖాన పడుతుంది. చల్లగా... ఉప్పగా.

ప్రతి ఆదివారం ఆమె ఈ పార్కుకు వస్తుంది.

లైట్‌హౌస్ ఎక్కేవాళ్లు ఎక్కుతారు. రంగుచేపల అద్దాలకు పిల్లలు ముక్కులు ఆనించి నిలబడతారు. బొమ్మరైలు కూత పెట్టుకుంటూ తిరుగుతుంది. ఏడేళ్లుగా వస్తున్నా వాటిలో ఏదీ ఆమె చూడలేదు. గేటు దాటగానే కాళ్లు నేరుగా రాతికొంగ దగ్గరికే లాక్కెళ్తాయి.

ఒంటికాలి కొంగ. మెడ తిప్పి సముద్రాన్ని చూస్తున్న కొంగ.

ఆమె భర్త చెక్కాడు. దగ్గుతూ చెక్కాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకున్నా ఉలి దించలేదు. ఆ కాలిని నలభై రోజులు అరగదీసి నునుపు చేసింది ఆమే. పార్కు తెరవడానికి నెల ముందు ఆయన పోయాడు.

కొంగ కింద పలక ఉంది. పలక మీద శిల్పి పేరు ఉంది.

ఆ పేరు మరిదిది.

ఉలి ఏ చివర పట్టుకోవాలో తెలియని మరిది! దండ కనబడితే మెడ వంచడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు.

"వదినా, పేరు చెక్కించడానికి మంచి రాయి చూసి పెట్టవూ?" అని ఆనాడు తనే వచ్చి అడిగాడు.

"ఎవరి పేరు?"

"అన్నయ్య ఎలాగూ లేడు కదా..."

ఒళ్లు మండిపోయింది. అయినా రాయి చూసి పెట్టింది.

పొరల రాయి గనిలో ఎలా పడుకుని ఉందో అలాగే పడుకోబెట్టాలి. నిలబెడితే పొరల మధ్యకు వాన దిగుతుంది, ఉప్పు దిగుతుంది, ఒక్కొక్క పొరా ఊడిపోతుంది. రాతిపనిలో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మరిదికి ఎవరూ చెప్పలేదు. ఆమె పొరలు నిలువుగా వచ్చేలా కోయించి, అద్దంలా మెరుగు పెట్టి ఇచ్చింది.

ఓపిక పట్టింది.

మొదట పొట్టు లేచింది. తర్వాత ఒక అక్షరం రాలింది. ఆ రోజు ఇంటికి వెళ్లి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది. ఇంకో వానాకాలం — ఇంకో అక్షరం. ఇప్పుడు పేరు సగమే మిగిలింది. ఆ సగమూ పోవాలి. తాను పోయేలోపు పోవాలి. ఆమెకు వేరే కోరిక లేదు.

ఈ రోజు వంగి చూసింది. కొంగ కాలి మీద సన్నని గీత. గీత వెంట ఎర్రటి తుప్పు.

వేలితో గీత వెంట తడిమి చూసింది.

పలకను వేరే దిమ్మెకు బిగిస్తారనుకుంది. పార్కు తెరిచే రోజు తొందరలో పలకను నిలిపే ఇనుప కడ్డీలు కొంగ కాలి మొదట్లోకే దింపేశారు. పలక ఊడుతున్నకొద్దీ నీళ్లు లోపలికి పోయాయి. ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, కాలిని చీలుస్తోంది. ఉన్నది ఒంటికాలు... బరువంతా దాని మీదే.

ఇప్పుడే చెబితే కొంగ బతుకుతుంది. కడ్డీలు మారుస్తారు. కొత్త పలక కూడా పెడతారు — గట్టి నల్లరాయి మీద, మరిది పేరు, ఈసారి నూరేళ్లు చెరగకుండా.

చెప్పకపోతే...

వెనుక చెప్పుల చప్పుడు. చుట్టాలకు పార్కు చూపిస్తూ మరిదే వచ్చాడు.

"వదినా, నువ్వూ ఇక్కడే ఉన్నావా! చూడు, నా పేరు ఎలా రాలిపోతోందో. రాళ్ల సంగతి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఏమైందంటావు?"

ఆమె కొంగ కాలి మీద అరచెయ్యి వేసింది. నలభై రోజుల నునుపు. ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంది.

"సముద్రపు గాలికి అంతేలే," అంది. "ఏం కాదు. అలాగే ఉండనీ."

అల వచ్చి గోడకు కొట్టుకుంది. ఆమె చెయ్యి తీయలేదు. గీత ఆ చేతి కిందే ఉంది...