బాల్కనీలోంచి పడినవి

ఈస్టర్ ముందురోజు శనివారం పొద్దున పదకొండింటికి చర్చి గంట మోగగానే, గ్రీసు దీవి కోర్ఫూలో ప్రతి బాల్కనీ నుంచీ నీళ్లు నింపిన మట్టికుండ కింద వీధిలో పడి పగలాలి. తాళ్ల వెనక నిలబడి చూసే జనం, ఆనక తలా ఒక పెంకు అదృష్టమని ఇంటికి పట్టుకుపోతారు.

ఎవాంథియా కుండకు ఎర్ర రిబ్బను కడుతోంది. ఏథెన్స్ నుంచి ఏటా పండగకు మాత్రమే దిగే తమ్ముడి భార్య లుకియా, వెంట తెచ్చిన నలుగురు స్నేహితులతో బాల్కనీ అంతా ఆక్రమించేసింది.

"కుండ ఇలా ఇవ్వు వదినా. నేను వేస్తే ఫొటో బాగుంటుంది. నువ్వు ఏటా చూసేదేగా, లోపల వంట చూసుకో."

"చలికాలమంతా కప్పు కారుతుంటే బకెట్లు పెట్టి చచ్చాను. అప్పుడు రాలేదేం ఫొటోకి?"

"పండగపూట దెప్పకు. అయినా ఇంట్లో పాతవన్నీ బయట పారేయడమేగా ఈ ఆచారం!" అంటూ లుకియా ఆమెను ఎగాదిగా చూసింది. స్నేహితులు పకపకా నవ్వారు.

ఎవాంథియాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుండ మరదలి చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

గంట మోగింది. లుకియా కుండ పైకెత్తి ఫొటో కోసం నవ్వుతూ ఉండగానే, ఆమె భుజం పక్కనుంచి ఆమె సూట్‌కేసే దూసుకుపోయి వీధిలో పడి విచ్చుకుంది. ఇదేదో కొత్త పద్ధతనుకుని జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

"మేం పనికిరానివి కూడా పారేస్తాం" అంది వెనకనుంచి ఎవాంథియా.

కింద ఒక ముసలాయన తాడు దాటొచ్చాడు. చుట్టూ అన్ని పెంకులుండగా లుకియా ఎత్తుమడమ చెప్పొకటి ఏరుకుని, అదృష్టమని చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.