నీళ్ళ జాబితా

జూన్ పద్నాలుగు, శనివారం. మధ్యాహ్నం తిన్నది రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. గుడ్డు పెంకు ఒకే ముక్కగా ఊడివచ్చిందని మాస్టారికి ఇప్పటికీ గుర్తు. ఇవాళ ఏదో మంచి జరుగుతుందనిపించింది.

జరగాల్సిన అవసరమూ ఉంది. బాల్కనీలో నలభై మూడు కుండీలు. రేపు దేనికి ఎన్ని నీళ్ళు పోయాలో చెప్పే చిన్న ప్రోగ్రాము ఆయన భార్య రాసిపెట్టింది. ఆమె పోయి ఏడాదిన్నర అయినా, సాయంత్రం కంప్యూటరులో జాబితా వచ్చేది. అడుగున ఆమె మాట ఒకటి ఉండేది. "ఫెర్నుకి గ్లాసుడు చాలు. జాలిపడి బకెట్టుడు పోయకండి." తొమ్మిది రోజులుగా జాబితా లేదు, మాటా లేదు. ఆయన అందాజుగా పోస్తున్నాడు. ఫెర్ను పసుపు తిరుగుతోంది.

మరదలు వచ్చింది. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ప్రోగ్రాములు రాసే ఉద్యోగమే. మరదలు తన అక్క కుర్చీలో కూర్చుని, ప్రోగ్రాములు రాసే ఎడిటరు తెరిచింది. ప్రతి వరుస కిందా తప్పుందని చూపే గీతలు, ఎర్రటి అలల్లా.

"ఏం చేశారు బావగారూ?"

"నేనేం చేస్తానమ్మా? ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండా విరిగేవి పాలొక్కటే."

ఆ ప్రోగ్రాము రాసిన కంప్యూటరు భాషని మళ్ళీ కొత్తగా ఎక్కించింది. ఎరుపు పోలేదు.

"కొత్త పంతులుగారిని తెచ్చి కూర్చోబెట్టాను. భాష వచ్చు గానీ, మన ఇంటి సంగతులు తెలియవట. అక్క ఈ ప్రోగ్రాము కోసం సమకూర్చుకున్న సరంజామా ఇంకెక్కడో ఉంది. కాసేపు కళ్ళు మూసుకోండి, మీరలా వెనక నుంచుంటే పరీక్ష రాస్తున్నట్టుంది నాకు."

మాస్టారు పేముకుర్చీలో వాలాడు. కిటికీ వెలుగు మోకాళ్ళ మీదికి జరిగింది. ఎర్రటి అలలు మెల్లగా లోతులేని నీళ్ళయ్యాయి. ఆ వరుసలు రాళ్ళయ్యాయి. భార్య వట్టి కాళ్ళతో ఒక్కో రాయి మీదా అడుగేస్తూ వస్తోంది, చేతిలో నీళ్ళు పోసే డబ్బా. దేనికోసమో చూస్తోంది. "ఇక్కడే పెట్టానండీ," అంది, కోపం లేకుండా.

"బావగారూ!"

ఉలిక్కిపడ్డాడు.

"దొరికింది. ఎడిటరు 'పని' అనే ఫోల్డరు కోసం వెతుకుతోంది. అదే కనిపించడం లేదు."

మాస్టారి చెవులు వేడెక్కాయి. తొమ్మిది రోజుల కిందట భార్య కళ్ళజోడు, డైరీలు తుడిచి అద్దాల బీరువాలో భద్రంగా పెట్టాడు. అదే చేత్తో కంప్యూటరులో 'జ్ఞాపకాలు' అని ఒక ఫోల్డరు చేసి, 'పని'ని అందులోకి చేర్చాడు. ఆ మాటే చెప్పాడు.

"ముట్టుకోలేదన్నారు!"

"సర్దానంతే. సర్దడం ముట్టుకోవడమా?"

మరదలు పకపకా నవ్వింది. నవ్వి, కీబోర్డు వైపు తిరిగింది. "'పని'లో ఉన్న ఆ సరంజామా తన చిరునామా గట్టిగా రాసిపెట్టుకుంటుంది. మీరేమో దాన్ని ఇల్లు మార్పించారు. ఇంక దాని దారి దానికే దొరకదు. మళ్ళీ పాత చోట పెట్టేస్తా."

"ఆగు. నేను పెడతాను."

ఆయన వేలు మౌసు మీద ఆగింది. అద్దాల బీరువాలోంచి కళ్ళజోడు తీసి మళ్ళీ బల్ల మీద పెడుతున్నట్టే ఉంది. మెల్లగా జరిపాడు. 'జ్ఞాపకాలు' ఖాళీ అయింది. మరదలు ఎడిటరు మూసి తెరిచింది. అలలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే ఆరిపోయాయి, తడి నేల ఎండుతున్నట్టు.

జాబితా వచ్చింది. రేపు ఫెర్నుకి నీళ్ళు వద్దట. అడుగున, భార్య జూన్ నెలకని ఎప్పుడో రాసిపెట్టిన మాట: "ఈ నెల గాలి చెడ్డది. చీకటి పడగానే బాల్కనీ తలుపు వేసెయ్యండి. మీకు మతిమరుపు."

"ఈ ఒక్క మాట కోసమా తొమ్మిది రోజులు తల్లడిల్లారు?" అంది మరదలు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"చివాట్లు లేని ఇల్లు ఇల్లులా ఉండదమ్మా."

మరదలు వెళ్ళిపోయాక మాస్టారు ఖాళీ ఫోల్డరును తీసేశాడు. చీకటి పడింది. పసుపు తిరిగిన ఫెర్ను ఆకుని ఒకసారి తాకి, లోపలికి వచ్చి, నిద్రపోయే పిల్లల గది తలుపు వేసినట్టు, చప్పుడు కాకుండా బాల్కనీ తలుపు వేశాడు.