ధనియాలు చల్లిన రోజు

పుదీనా రోహిణి కార్తెలో మాడిపోయింది. రాజమండ్రి ఎండకి మేడ మీద ప్లాస్టిక్ టబ్బే మెత్తబడింది, ఇక పుదీనా ఎంత? మా మామ్మ మాణిక్యాంబ మాత్రం ఎండని అనుమానించలేదు. నన్ను అనుమానించింది.

"ఆ నాలుగు రోజుల్లో పైకెళ్లావా?"

"వెళ్లాను మామ్మా. నీళ్లు ఎవరు పోస్తారు మరి?"

"అదీ సంగతి! ముట్టు తగిలితే మొక్కలు బతుకుతాయా?"

అప్పటినుంచి నాకు నెలసరి వచ్చినప్పుడల్లా మేడ తలుపుకి తాళం పడేది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉండేది. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నాకు ఆ మేడే బయటి ప్రపంచం. కడియం నర్సరీలనుంచి ఒక్కో మొక్కా స్కూటీ ముందు పెట్టుకుని తెచ్చుకున్నాను.

వానాకాలంలో అలా తాళం పడినప్పుడే ముసురు పట్టింది. మామ్మకి ముసురులో మోకాళ్ల నొప్పులు ఎక్కువ, మళ్లీ మెట్లెక్కలేదు. నాన్నకి మొక్కలంటే పెసరట్టులో అల్లం, అంతే. తాళం తీసేసరికి కుండీలో నీళ్లు నిలిచి మరువం కుళ్లిపోయి ఉంది.

"నేను తాళం వేసేలోపే ముట్టుకునుంటావు," అంది మామ్మ.

ఏ పరీక్ష పెట్టినా ఫెయిలయ్యేది నేనే అన్నమాట.

కార్తీకం వచ్చింది. కొత్తిమీర వేసే కాలం. ధనియాలు నలిపి బద్దలు చేసి నానబెట్టాను. తెల్లారేసరికి నెలసరి వచ్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పాను. తాళం పడింది.

"తాళంచెవి ఇవ్వు మామ్మా. ఇవాళే చల్లుతాను."

"నా బొందిలో ప్రాణం ఉండగా ఇవ్వను."

లాప్‌టాప్ పట్టుకెళ్లి మేడమెట్ల మీద కూర్చున్నాను. మా మెట్లు ఇంటి బయటికి, సందులో అందరికీ కనబడేలా ఉంటాయి. బట్టలారేస్తున్న పక్కింటి ఉషారాణిగారు ఆగి చూశారు.

"ఏమ్మా శ్రీసుధా, మెట్ల మీద ఆఫీసేంటి?"

"నెలసరండి ఆంటీ. నేను పైకెళ్తే మొక్కలు చచ్చిపోతాయంట. అందుకే వాటికి దూరంగా కూర్చున్నా," అన్నాను, సందు చివరిదాకా వినబడేలా.

"ఒసేయ్, నోర్ముయ్యవే! పరువు తీసేస్తోంది!" లోపల్నుంచి మామ్మ గొంతు వచ్చింది. ఆ వెనకే తాళంచెవి వచ్చి మెట్ల మీద పడింది.

ధనియాలు చల్లాను. పదిరోజులకి మొలిచాయి, కానీ సగమే. మిగతా సగం చల్లిన రోజే చీమలు లాక్కుపోయాయి. అవి బారులు తీరి పోతుంటే ఫోన్లో వీడియో కూడా తీశాను. మొలకలు వచ్చిన సాయంత్రం ఎండ తగ్గాక మామ్మ మోకాళ్లు పట్టుకుంటూ పైకొచ్చి టబ్బులోకి తొంగిచూసింది.

"చూశావా? నే చెప్పలా?"

వీడియో చూపిద్దామని ఫోన్ తీశాను. మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. ఎందుకు చూపించాలి?

"సగం పోయాయి మామ్మా. మొత్తం పోయినా సరే, మళ్లీ చల్లుతా. నెలసరి రోజునే చల్లుతా. మొక్కలు బతికితేనే నేను పైకి రావాలా? నువ్వు పెట్టిన కరివేపాకు ఎన్నిసార్లు ఎండిపోయింది? నీకెవరైనా తాళం వేశారా?"

ఆ కరివేపాకు సంగతి వీధంతటికీ తెలుసు.

"పెద్దంతరం చిన్నంతరం లేదు," అని గొణుక్కుంటూ మామ్మ దిగిపోయింది. తాళంచెవి మాత్రం అడగలేదు.

మార్గశిరానికి ఆ సగం కొత్తిమీరే గుబురుగా పెరిగింది. ఓ పొద్దున్న నెలసరి వచ్చిందని చెప్పి మరీ పైకెళ్తున్నాను. వంటింట్లోంచి మామ్మ కేకేసింది.

"ఎలాగూ వెళ్తున్నావుగా, చారులోకి కాస్త కొత్తిమీర తుంచుకురా. రెండుసార్లు కడిగి మరీ తే!"

ఒక్కసారే కడిగాను.